బందరు, గుడివాడ: రెండు పెద్దరికాలు

బందరు గురించి రాసినవాళ్ళకు లోటు లేదు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే గోల్కొండ రోజుల్లో వచ్చి చూసి రాసుకున్నాడు. కంపెనీ గుమాస్తాలు పేజీలకు పేజీలు ఉత్తరాలు రాశారు. కృష్ణా పత్రిక నడిచినన్నాళ్ళూ బందరు తన సంగతి తానే రాసుకుంది. గుడివాడకు ఆ యోగం పట్టలేదు. ఆ ఊరి పేరు ఎక్కువగా కనిపించేది ధాన్యం లెక్కల్లో, రైలు టైంటేబుల్లో, ఎన్నికల వార్తల్లో. అందుకే ఒక ఊరికి చరిత్ర ఉంది, ఇంకో ఊరికి వ్యాపారం ఉంది అని తేల్చేసి ఊరుకోవడం మనకు అలవాటైంది. కానీ రెండూ ఒకే డెల్టా నేల మీద, రైలు దారిలో నలభై కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్నాయి. రెండూ బెజవాడ దగ్గర ఆగిన కృష్ణ నీళ్ళతోనే బతుకుతున్నాయి, రెండూ ఆ బెజవాడకే లోబడ్డాయి. పెద్ద ఊరనిపించుకోవడానికి వాటికి దొరికిన దారులు మాత్రం వేరు.

ఊళ్ళకు అంతస్తులు ఎలా ఏర్పడతాయని ఆలోచించినవాళ్ళలో ఇద్దరిని ఇక్కడ తలచుకోవాలి. 1933లో దక్షిణ జర్మనీ పట్నాలను పరిశీలించిన వాల్టర్ క్రిస్టాలర్ ఒకడు. పట్నాన్ని పుట్టించేవి చుట్టుపక్కల పల్లెల అవసరాలే అన్నాడాయన. ఉప్పూ పప్పూ ఊళ్ళోనే కొంటాం. పెళ్ళి బట్టలకు కాస్త పెద్ద ఊరికి, దావా పడితే ఇంకా పెద్ద ఊరికి పోతాం. ఎంత అరుదుగా పడే అవసరమైతే అంత దూరం వెళతాం. ఆ లెక్కన చిన్న ఊళ్ళూ పెద్ద ఊళ్ళూ తేనెపట్టు గదుల్లా ఒకదాని పక్కన ఒకటి అమరతాయి. రెండోవాడు అమెరికన్ జేమ్స్ వాన్స్. 1970లో ఆయన దీనికి ఎదురు వాదన తెచ్చాడు. రేవుపట్నాలు అలా పుట్టవు, వాటిని దూరదేశపు వర్తకుడు పుట్టిస్తాడు, వెనకనున్న నేల తర్వాత ఆ రేవుకు అనుగుణంగా సర్దుకుంటుంది అన్నాడు. వాన్స్ చెప్పిన ఊరు బందరు, క్రిస్టాలర్ చెప్పిన ఊరు గుడివాడ అనుకుంటే లెక్క కుదిరినట్టే ఉంటుంది. ఇంత చక్కగా కుదరడమే నాకు అనుమానం. ఎందుకో ముందు ముందు తేలుతుంది.

టోలమీ రాసిన మైసోలియా ఈ తీరమేనని చరిత్రకారుల మాట. కుతుబ్‌షాహీల కాలానికి బందరు గోల్కొండ రాజ్యపు పెద్ద రేవు. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు, 1669లో ఫ్రెంచివాళ్ళు వచ్చి ఇక్కడ కోఠీలు పెట్టారు. మద్రాసుకు స్థలం బేరమాడిన ఫ్రాన్సిస్ డే బందరు పెద్దల కింద పనిచేసినవాడే. 1641లో సెంట్ జార్జి కోటకు మార్చేదాకా కోరమాండల్ తీరం మొత్తానికి ఇంగ్లీషు కంపెనీ పెద్ద కచేరీ బందరులోనే ఉండేది. మద్రాసు అప్పట్లో బందరు కింద చిన్న ఠాణా. ఊళ్ళో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట మీదుగా నడిస్తే ఎవరెవరు వచ్చి ఎక్కడ కాపురం పెట్టారో ఇప్పటికీ తెలుస్తుంది.

గుడివాడలో అలాంటి పేటలు లేవు. పాతదనంలో మాత్రం ఇది బందరుకు తీసిపోదు. ఊళ్ళో బౌద్ధ స్తూపపు దిబ్బ ఉంది, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అలెగ్జాండర్ రీ వచ్చి తవ్వి చూశాడు. పార్శ్వనాథుడి గుడి ఉంది. కానీ ఏ సుల్తానుకూ ఏ కంపెనీకీ ఈ ఊరితో పని పడలేదు. మందపాడు, బేతవోలు వంటి గుడివాడ పేటలు ఒకప్పుడు వేరే పల్లెలు, ఊరు పెరిగేకొద్దీ అందులో కలిసిపోయినవి. బందరు పేటల్లో బయటినుంచి వచ్చినవాళ్ళ గుర్తులుంటే, గుడివాడ పేటల్లో పక్కనున్నవాళ్ళ గుర్తులున్నాయి. వాన్స్‌కూ క్రిస్టాలర్‌కూ ఉన్న తేడా ఈ రెండు ఊళ్ళ వీధుల్లోనే దొరుకుతుంది.

ఇక్కడ బందరు కథను అందరూ చెప్పే తీరు ఒకటుంది. గొప్ప రేవు, ఇసుక మేట, ఉప్పెన, పతనం, అంతే. నిజానికి ఈ రేవుకు లోతు ఎన్నడూ లేదు. పెద్ద ఓడలు ఒడ్డుకు మైళ్ళ దూరంలో లంగరు దించితే సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది. అంత తిప్పలు పడి ఇక్కడికే వచ్చారంటే వెనక గోల్కొండ ఉండబట్టి. అక్కడి వజ్రాలు, అద్దకపు బట్టలు, దర్బారు ఖర్చులు అన్నీ ఈ దారిన నడిచేవి. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయాక ఆ ఆకర్షణ సన్నగిల్లింది. 1759లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళ నుంచి కోట పట్టుకునే నాటికి బందరు కోసం యుద్ధం చేసినవాళ్ళు రేవు కోసం చేయలేదు, సర్కారు జిల్లాల కోసం చేశారు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ రాత్రికి ముందే రేవుగా బందరు పెద్దరికం చాలావరకు పోయిందని నా అభిప్రాయం.

మరి మనం గర్వంగా చెప్పుకునే బందరు ఏది? రాబర్ట్ నోబుల్ బడి 1843లో మొదలై నోబుల్ కళాశాల అయింది. కృష్ణా పత్రిక 1902లో పుట్టింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ఆంధ్ర జాతీయ కళాశాలను 1910లో నిలబెట్టారు. పట్టాభి ఆంధ్రా బ్యాంకు 1923లో తెరుచుకుంది. తెలుగువాళ్ళ మనసులో ఉన్న బందరు ఇదే. ఇదంతా ఓడలు తగ్గిపోయిన తర్వాతి బందరు. దాన్ని నిలబెట్టింది సముద్రం కాదు, కలెక్టరు కచేరీ. 1859లో మచిలీపట్నం (అంటే బందరే), గుంటూరు జిల్లాలను రద్దు చేసి కృష్ణా జిల్లా చేసినప్పుడు ముఖ్యపట్నం బందరు అయింది. జిల్లా కోర్టు ఉంటే ప్లీడర్లు ఉంటారు. ప్లీడర్లు ఉంటే పత్రికకు చందాదారులు, కళాశాలకు విరాళాలు, బ్యాంకుకు డిపాజిట్లు దొరుకుతాయి. అంటే వాన్స్ చెప్పిన రేవుపట్నం ఎప్పుడో చనిపోయింది. మనం చూసినది దాని పేరుతోనే బతికిన ఇంకో ఊరు. చుట్టూ ఉన్న పల్లెల దావాలూ శిస్తులూ చదువులూ పోషించిన ఊరది. ఈ రెండో బందరు క్రిస్టాలర్ పుస్తకంలోకి చక్కగా సరిపోతుంది.

గుడివాడ సంగతీ ఇలాగే తలకిందులవుతుంది. చుట్టూ ఉన్న పల్లెలు పెంచిన ఊరు అన్నాం. ఆ పల్లెలకు పంట ఎక్కడిది? 1832–33 డొక్కల కరువు ఈ సీమను తుడిచిపెట్టాక, ఇరవై ఏళ్ళకు 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట పని మొదలైంది. 1855కు పూర్తయింది. కాటన్ ఆలోచనగా మొదలైన ఆ గట్టు నుంచి కాలువలు తీశాకే ఈ తాలూకా వరి మాగాణి అయింది. అంటే గుడివాడ పెద్దరికానికీ మొదలు ఊరి బయటే, ఒక ఇంజనీరు గీసిన పటంలో ఉంది. ఆ తర్వాత రైలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెజవాడ నుంచి బందరుకు వేసిన లైను గుడివాడ మీదుగా పోయింది. 1920ల చివర్లో గుడివాడ నుంచి భీమవరం వైపు ఇంకో లైను చీలింది. జంక్షను అని ఒక ఊరు తనంతట తాను అనుకుంటే కాదు, దాన్ని రైల్వే కంపెనీ చేయాలి. బందరుకు డచ్చివాళ్ళ కోఠీ ఎలాంటిదో గుడివాడకు ఈ జంక్షను అలాంటిది.

అయితే ఈ పోలికను ఇక్కడే ఆపాలి, ఎందుకంటే బయటినుంచి వచ్చినదాన్ని రెండు ఊళ్ళూ ఒకే తీరున దక్కించుకోలేదు. కోఠీ వ్యాపారం కొద్దిమంది దుబాసీలకూ షావుకార్లకూ డబ్బిచ్చి, సరుకు తీసుకుని వెళ్ళిపోయింది. అద్దకం పనివాళ్ళు అద్దకం పనివాళ్ళుగానే మిగిలారు. కాలువ నీళ్ళు మాత్రం వేల ఎకరాల మీద పరుచుకున్నాయి. ఏటేటా పండిన ధాన్యం మిల్లు దాకా వచ్చింది, మిల్లు డబ్బు మళ్ళీ పొలం కొనడానికి పోయింది. అందుకే గుడివాడ మెల్లగా పెరిగింది. బందరుకు పురపాలక సంఘం 1866లోనే వస్తే, గుడివాడకు 1937 దాకా రాలేదు. డెబ్బై ఏళ్ళ తేడా. కళాశాలల్లోనూ ఇదే ఎడం. అక్కినేని నాగేశ్వరరావు పేరు పెట్టుకున్న గుడివాడ కళాశాల 1950లో వచ్చింది, అప్పటికి నోబుల్ బడి మొదలై నూరేళ్ళు దాటాయి. మెల్లగా పెరిగిన ఊరిని కూల్చడానికి ఒక్క ఉప్పెన చాలదు. అలాగే దాన్ని కీర్తించడానికి ఒక్క కవి కూడా దొరకలేదు.

వస్తువుల్లోనూ ఈ భేదం కనిపిస్తుంది. బందరు అమ్మేది పేరుతో అమ్ముడుపోతుంది. బందరు లడ్డు, చిలకలపూడి గిల్టు నగలు, పెడనలో అచ్చువేసే బందరు కలంకారీ ఇలాంటివే. కలంకారీకీ లడ్డుకూ భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. గుడివాడ అమ్మేదానికి ఊరి పేరు ఉండదు. బియ్యం మిల్లు పేరున్న సంచిలో పోతాయి, కొల్లేటి వైపు చెరువుల చేపలు మంచు పెట్టెల్లో లారీలెక్కి కలకత్తా దాకా పోతాయి. తిన్నవాడికి అవి ఏ ఊరివో తెలియదు. పేరుతో అమ్మేవాడికి గౌరవం ఎక్కువ, లాభం మాటకొస్తే మాత్రం లారీలో పోయే సరుకునే లెక్కలో వేసుకోవాలి. బందరుకు న్యాయం చేయాలంటే ఇంకొకటి చెప్పాలి. ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ అని 1926లోనే ఇక్కడ శాస్త్ర పరికరాల తయారీ మొదలైంది. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. ఓడలు పోయిన రేవులో కటకాలు చేసే పరిశ్రమ పుట్టిందంటే, అది చదువుకున్నవాళ్ళు ఉన్న కచేరీ ఊరు కాబట్టే.

ఇంతవరకూ రెండు ఊళ్ళనే తూచాం. త్రాసు పట్టుకున్న ఊరు బెజవాడ. 1901 లెక్కల్లో బందరులో 39 వేల మంది, బెజవాడలో 24 వేల మంది. అప్పటికి ఎవరు పెద్దో ఎవరూ అడగనక్కరలేదు. కానీ పెద్దరికం మారడానికి కావలసినవన్నీ అప్పటికే బెజవాడలో సిద్ధమై ఉన్నాయి. డెల్టా కాలువలన్నీ మొదలయ్యేది అక్కడే. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి మద్రాసు–కలకత్తా లైనూ నిజాం లైనూ కలిసిందీ అక్కడే. బందరుకు రైలు వచ్చినా బెజవాడ నుంచి చీలిన కొమ్మగానే వచ్చింది, సముద్రం దగ్గర ఆగిపోయింది. 2011కు బెజవాడ పది లక్షలు దాటింది. బందరు సుమారు 1 లక్షా 70 వేలు, గుడివాడ 1 లక్షా 18 వేలు.

జార్జ్ జిఫ్ అనే ఆయన చెప్పిన లెక్క ఒకటుంది. ఒక సీమలో రెండో ఊరు మొదటిదానిలో సగం, మూడో ఊరు మూడోవంతు ఉండాలని. ఆ లెక్కన బందరు అయిదు లక్షలు, గుడివాడ మూడున్నర లక్షలు ఉండాలి. రెండూ అందులో మూడోవంతు దగ్గరే ఆగిపోయాయి. బందరు–గుడివాడలను వాటి మధ్యనే పోల్చి చూస్తే మాత్రం జిఫ్ కోరిన మూడుకు రెండు వంతులు ఇంచుమించు కచ్చితంగా కుదిరింది. వాటిలో అవి క్రమంగానే ఉన్నాయి, క్రమం తప్పింది పైనున్నదానితో. ఇది నాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోచింది. బెజవాడ పెరుగుదల బందరునే తొక్కేసిందని బందరువాళ్ళు బాధపడతారు. గుడివాడనూ సరిగ్గా అంతే తొక్కింది. గుడివాడ దాని గురించి వ్యాసాలు రాయలేదు, అంతే తేడా.

ఈ వరసలో ఇంకో విచిత్రం జనాభాకూ హోదాకూ పొత్తు కుదరకపోవడం. బెజవాడ బందరును మించిపోయి, 1981లో నగరపాలక సంస్థ అయి, పది లక్షలు దాటినా జిల్లా ముఖ్యపట్నం బందరే. కలెక్టరు గారి క్యాంపు కార్యాలయం బెజవాడలో ఉండేది కాబట్టి నిజం అందరికీ తెలిసినదే. కాగితం మీద మాత్రం పెద్ద ఊరు చిన్న ఊరి కింద ఉండేది. 2022 ఏప్రిల్ 4న బెజవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పడ్డాక గానీ ఆ చిక్కుముడి విడలేదు. బందరు పరిధిని కోయడం ఇది కొత్త కాదు. 1904లో గుంటూరు విడిపోయింది, 1925లో పశ్చిమగోదావరి విడిపోయింది. ఒకప్పుడు గుంటూరు మీద అధికారం చేసిన కచేరీకి ఇప్పుడు ఉయ్యూరు, గుడివాడ, బందరు డివిజన్లు మిగిలాయి.

గుడివాడకూ అదే రోజున కోత పడింది, ఎవరూ పట్టించుకోలేదు. పాత గుడివాడ డివిజనులో ఉన్న ముదినేపల్లి, మండవల్లి, కైకలూరు, కలిదిండి ఏలూరు జిల్లాకు పోయాయి. చేపల చెరువుల సీమలో పెద్ద భాగం అదే. బందరు పోగొట్టుకున్నది బెజవాడ మీద కాగితపు అధికారం. గుడివాడ పోగొట్టుకున్నది తన సంతకు వచ్చే పల్లెలను, అదీ కాగితం మీదే. ముదినేపల్లి రైతు ఇప్పటికీ గుడివాడకే వస్తాడు. తహసీల్దారు పై అధికారి ఎక్కడున్నాడో చూసుకుని ఎవరూ ఎరువులు కొనరు. ఈ ఒక్క విషయంలో గుడివాడది గట్టి పునాది. కలెక్టరేటు తీసేస్తే బందరు ఎంత మిగులుతుందో నేను చెప్పలేను, రెవెన్యూ డివిజను తీసేసినా గుడివాడ గుడివాడలాగే ఉంటుంది. అలాగని గుడివాడను నెత్తిన పెట్టుకోనక్కరలేదు. సంతకు వచ్చే రైతు కొడుకు చదువుకు బెజవాడ పోతున్నాడు, ఆసుపత్రికి బెజవాడ పోతున్నాడు. సంత మిగిలి మిగతావన్నీ పోవడం కూడా ఒక రకం తగ్గుదలే.

ఈ వరస అంతా అడుగునుంచి ఎలా కనిపిస్తుందో చూడాలంటే కోడూరు దాకా వెళ్ళాలి. దివిసీమలో దక్షిణపు అంచు అది. ఆ పైన హంసలదీవి, పాలకాయతిప్ప, సముద్రం. క్రిస్టాలర్ లెక్కలో ప్రతి ఊరికీ అన్ని వైపులా పల్లెలుంటాయి. కోడూరుకు సగం వైపు నీళ్ళే. ఒక పక్క ఏటి పాయ, ఇంకో పక్క సముద్రం. పులిగడ్డ అక్విడక్టు దాటి వచ్చే కాలువ నీళ్ళకు ఇవి శివారు భూములు. బెజవాడలో గేట్లెత్తిన నీళ్ళు ఇక్కడికి అన్నిటికన్నా ఆలస్యంగా వస్తాయి. నీళ్ళు పై నుంచి కిందికి ఏ వరసలో దిగుతాయో, ఇక్కడివాళ్ళ పిల్లలూ జబ్బులూ దావాలూ అదే వరసలో కింది నుంచి పైకి పోతాయి. 1977 నవంబరు 19 ఉప్పెన వేలమందిని మింగినప్పుడు లోకానికి దివిసీమ పేరు తెలిసింది. తుపాను రక్షిత భవనాలూ రోడ్లూ దాని తర్వాతవే. 1864 ఉప్పెన బందరును దించిందంటారు. 1977 ఉప్పెన కోడూరును దించడానికి అక్కడ ఏ మెట్టూ లేదు. తిరిగి లేచే పనిలో బయటి ఊళ్ళతో దానికి దారులు పెరిగాయి, అంతే.

కోడూరు మనిషిని మీ పెద్ద ఊరు ఏదని అడిగితే ఒక్క జవాబు రాదు. 1985లో మండలాలు వచ్చాక చిన్న కాగితం పనికి కోడూరే చాలు. తాలూకాల రోజుల అలవాటు కొద్దీ బజారు పని, బస్సు డిపో, కోర్టు మెట్లు అవనిగడ్డలో. జిల్లా పని బందరులో. గుండెకో మెదడుకో కష్టమొస్తే బెజవాడ. ఈ లెక్కలో గుడివాడ ఎక్కడా లేదు. దివిసీమకు గుడివాడ ఒక రైలు స్టేషను మాత్రమే. అక్కడ బందరు పెద్దరికం పాక్షికమైనా దూరం దాకా పాకింది, గుడివాడది పూర్తిది గానీ పొట్టిది. అవనిగడ్డ సంగతి మరీ వింత. ఇంత చిన్న ఊరు ఉపాధ్యాయ ఉద్యోగాల డీఎస్సీ కోచింగుకు రాష్ట్రం నలుమూలల నుంచీ అభ్యర్థులను రప్పించుకుంటుంది. బెజవాడ పిల్లలు కూడా దీనికోసం కిందికి దిగి వస్తారు. ఒక్క పనిలో మాత్రం వరస తిరగబడిందన్నమాట. కూచిపూడి ఇంకో ఉదాహరణ. మొవ్వ మండలంలో ఒక పల్లె, పేరు ప్రపంచమంతా తెలుసు, బజారు చూస్తే పామర్రు ముందు నిలవదు. ఘంటసాల కూడా అంతే, టోలమీ నాటి వర్తక కేంద్రం ఇప్పుడు మండల కేంద్రం.

ఉల్లిపాలెం–భవానీపురం వారధి వచ్చాక కోడూరు నుంచి ఏటి పాయ దాటి నేరుగా బందరు పోవడానికి దారి పడింది. అంతకుముందు అవనిగడ్డ, చల్లపల్లి చుట్టి రావాలి. ఒక్క వంతెనతో అవనిగడ్డకు రావలసిన కొందరు రావడం మానేస్తారు, చల్లపల్లి టీ కొట్టుకు బేరం తగ్గుతుంది, బందరు కోనేరు సెంటర్లో ఇంకో నాలుగు కొట్లు నిలుస్తాయి. మధ్యలో ఉన్న ఊరిని దాటిపోవడం ఇలాగే మొదలవుతుంది. గుడివాడకు ఇది రోడ్ల విషయంలో ముందే అనుభవం. బెజవాడ నుంచి బందరు వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి ఉయ్యూరు, పామర్రు మీదుగా పోతుంది, గుడివాడను పక్కకు వదిలేస్తుంది. భీమవరం వైపు పోయే 165వ నంబరు రహదారి పామర్రులో మొదలై గుడివాడ గుండా వెళ్ళడం ఊరట. రైలు గుడివాడను నమ్మింది, రోడ్డు పామర్రును నమ్మింది.

ఇక కొత్త రేవు. బందరు రేవుకు 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023 మే 22న తపసిపూడిలో మరోసారి శంకుస్థాపన జరిగింది. మూడు ప్రభుత్వాలు, మూడు రాళ్ళు. బందరువాళ్ళ ఆశ పాత పెద్దరికం తిరిగి వస్తుందని. దానికి నేను సగమే తల ఊపుతాను. పదిహేడో శతాబ్దపు రేవులో సరుకు దించడానికి వేల చేతులు, నిలవ చేయడానికి కొట్లు, బేరానికి దుబాసీలు కావలసి వచ్చేవారు. వాళ్ళందరికీ ఊరు కావలసి వచ్చేది. ఇప్పటి రేవుకు క్రేనూ, రైలూ, లారీ చాలు. కృష్ణపట్నం రేవు 2008లో తెరుచుకుంది, ఆ పక్కన మహానగరం లేవలేదు, నెల్లూరు నెల్లూరుగానే ఉంది. అద్దకం బట్టకు బందరులో అచ్చు పడేది. కంటైనరుకు పడదు, అది హైదరాబాదు శివార్లలో తెరుచుకుంటుంది. 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల, 2008 నుంచి ఉన్న కృష్ణా విశ్వవిద్యాలయం బందరు అంతస్తుకు రేవు కన్నా ఎక్కువ పనికొస్తాయని నా లెక్క. కోడూరు నుంచి బెజవాడ పోయే జబ్బుల్లో కొన్ని అక్కడ ఆగినా వరస కొంత సర్దుకుంటుంది.

రేవు కన్నా నన్ను ఎక్కువగా ఆపింది ఎన్నాళ్ళనుంచో అడుగుతున్న బందరు–రేపల్లె రైలు. అది పడితే బందరు సముద్రం దగ్గర ఆగిపోయిన లైను చివర కాకుండా దారి మధ్య ఊరవుతుంది. రైలు మొహం చూడని దివిసీమకు స్టేషను వస్తుంది, కోడూరు వాళ్ళకు తెనాలి, మద్రాసు బెజవాడ తొక్కకుండానే అందుతాయి. గుడివాడ సంగతి ఎవరూ ఎత్తడం లేదు గానీ, భీమవరం వైపు నుంచి వచ్చే లైను అప్పుడు గుడివాడలో బందరు వైపు తిరిగి కృష్ణ దాటి గుంటూరు సీమలోకి పోగలుగుతుంది. బెజవాడ వంతెన ఎక్కకుండా ఉభయ గోదావరులనూ మద్రాసునూ కలిపే రెండో దారి అది, దానికి జంక్షను గుడివాడే. ఈ లైను కావాలని బందరు వినతిపత్రాలు ఇస్తూనే ఉంది. వాటి కింద గుడివాడ మిల్లర్ల సంతకాలూ ఉండాలి.